బాపు ఇంకా బాయిలోనే

జులై 27, ఆదివారం

సహస్రనామం పూర్తయింది. మందారం ఒక్కటే పూసింది. నర్సన్న స్వామికి పెట్టాను.

సంపత్ కరీంనగర్ పోయి పొద్దుగూకే వేళకు వచ్చాడు. హైదరాబాదులో వాడు బొమ్మలు గీసే కంపెనీ మూతపడ్డప్పటి నుంచి నా దగ్గరే ఉంటున్నాడు. ఇప్పుడు ఆదివారాలు పోయి ఫోన్ ఆటలు తయారుచేయడం నేర్చుకుంటున్నాడు. ఏమీ తెలియని మనిషికి చెప్పగలిగితేనే పాఠం వచ్చినట్టని వాళ్ల కొండల్ సార్ అన్నాడట.

"అందుకే నీకు చెప్తున్న" అన్నాడు అన్నం కలుపుకుంటూ.

"ఏం తెల్వనిదాన్ని నేనే దొరికిన్నా?"

"గోదావరిఖని మొత్తంల నువ్వే ఖాళీగ ఉన్నవక్కా."

మిషన్ మీద జాకెట్లు కుప్పగా ఉన్నాయి. నేను ఖాళీ అట.

పాఠం ఇది. ఆటకు ఒక్క కోరిక ఉండాలి, దానికి ఒక్క అడ్డం ఉండాలి. మిగతాదంతా రంగులు. వీడికి ఆ కోరికే దొరకడం లేదు. రాక్షసులు, కార్లు, తుపాకులు, అన్నీ ఎవరో ఒకరు చేసేశారు.

"ఎవ్వల దగ్గర లేనిది, మన ఇంట్ల ఏమన్న ఉందా అక్కా?"

మమ్మల్ని కన్న అవ్వ దీపం సంగతి చెప్పాను. బాపు బొగ్గుబాయిలో పని చేసిన రోజుల్లో, ఆయన షిఫ్టుకు ఇల్లు కదలగానే అవ్వ గూట్లో దీపం వెలిగించేది. బాపు బాయిలో ఉన్నంతసేపూ నూనె పోస్తూనే ఉండేది. వంట మధ్యలో లేచేది, తల దువ్వుకుంటూ లేచేది. ఆ దీపం ఉంటేనే కింద బాపు నెత్తిమీది లైటు వెలుగుతుందని ఆమె నమ్మకం. కాలనీలో చాలా ఇళ్లల్లో ఇట్లాగే చేసేవారు. సంపత్ పుట్టేనాటికి బాపుకు ఆయాసం వచ్చి భూమి మీది పైపనికి మార్చారు. అందుకని వాడు చూడలేదు.

వాడు చెయ్యి ఎండిపోయేదాకా కంచం ముందే కూర్చున్నాడు.

ఆగస్టు 3, ఆదివారం

పూర్తయింది.

ఈవారం పాఠం, పనిని కోసుకోవడం. వీడు కాలనీ అంతా గీద్దామనుకున్నాడు. బాయి, కాంటీను, సినిమా హాలు, బతుకమ్మ. సార్ అన్నీ కొట్టేశాడట. "పెద్దది మొదలుపెట్టినోడు ఊరికొకడు ఉంటడు. చిన్నది పూర్తి చేసినోణ్ని చూపించు" అన్నాడట. మిగిలింది ఒక ఇల్లు, ఒక గూడు, ఒక దీపం. దాని కింద నేల. నేల కింద బాపు.

సార్ మంచి మాటే చెప్పాడు. నేనూ బట్టను చూసే కత్తెర పెడతాను.

ఆగస్టు 8, శుక్రవారం

శ్రావణ శుక్రవారం. పూజ బాగా జరిగింది. మా వీధి శంకరవ్వ వచ్చి పసుపు కుంకుమలు తీసుకుపోయింది.

చెల్లె రేవతి జైనూర్ నుంచి ఫోన్ చేసింది. అది పనిచేసే బడి అక్కడి నుంచి ఇంకా లోపలికి, గుట్టల్లో. హాస్టల్ పక్కనే దాని ఇల్లు. ఊళ్లో సిగ్నల్ ఉండదు, అందుకే వారపు అంగడికి వచ్చినప్పుడే మాట్లాడుతుంది. గర్భసంచి తీసేయాలన్నారట ఆదిలాబాద్‌లో. చవితి దాటినంక చేయించుకుంటుందట. మరిది మస్కట్‌లో ఉన్నాడు, సెలవు దొరకదు.

"నువ్వొచ్చి ఉంటవా అక్కా, నేను లేచి తిరిగేదాక?"

"ఎవరొస్తరు మరి? నేనే వస్త."

"నీ దేవుళ్లను కూడ తెచ్చుకో. ఇక్కడ గూడు ఖాళీగనే ఉంది."

నవ్వింది. నవ్వు చిన్నగా ఉంది.

ఆగస్టు 17, ఆదివారం

ఆట నా ఫోన్‌లో పెట్టాడు.

మన పాత క్వార్టరే. సున్నం పెచ్చు ఊడిన చోటు కూడా గీశాడు. గూట్లో దీపం. వేలితో ముట్టుకుంటే నూనె పడుతుంది, వత్తి కాస్త పెద్దదవుతుంది. కింద చీకట్లో టోపీకి లైటు పెట్టుకుని బాపు. తట్ట, పలుగు. నడుస్తాడు, తవ్వుతాడు, బొగ్గు టబ్బు నింపుతాడు. మొహం పెళ్లినాటి ఫోటోలోంచి తీశాడు. దగ్గుతాడు కూడా.

"ఈ దగ్గు ఎక్కడిదిరా?"

"నాదే. రికార్డు చేసిన."

బాపు దగ్గే అది. వీడికి ఎప్పుడు వచ్చిందో.

నూనె అయిపోతే ఏమవుతుందని అడిగాను. దీపం పోతుంది, బాపు చీకట్లో కూలబడతాడు, తవ్విన బొగ్గంతా పోయి మళ్లీ మొదటికి వస్తుంది. తెర మీద 'దీపం ఆరిపోయింది' అని వస్తుందట. ఇంట్లో ఎవరూ అట్లా అనరు, కొండెక్కింది అంటారు అని చెప్పాను. మార్చాడు.

పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పోస్తే చాలట.

"జర నాల్రోజులు పోసి చూడక్కా. ఏడ విసుగొస్తదో చెప్పు."

ఆగస్టు 19

పూర్తయింది. నూనె పోశాను. తమ్ముడి పని కదా.

ఆగస్టు 20

పోశాను.

ఆగస్టు 21, గురువారం

సహస్రనామం మధ్యలో గుర్తొచ్చింది. లేచి పోసి వచ్చి మళ్లీ కూర్చున్నాను. ఎక్కడ ఆపానో తెలియలేదు. అంచనాగా మొదలుపెట్టాను.

ఆగస్టు 24, ఆదివారం

పాఠం: ఆట బాగుంటే ఒకరోజు ఆడతారు. రెండో రోజు ఎందుకు రావాలి? గెలుస్తామన్న ఆశతో వచ్చేవాడు ఎప్పుడో ఒకప్పుడు మానేస్తాడు. పోగొట్టుకుంటామన్న భయంతో వచ్చేవాడు మానడు. అది సార్ మాట.

సంపత్ కంప్యూటర్‌లో గీతలు చూపించాడు. వాడితో చదివేవాళ్లు, హైదరాబాదు దోస్తులు, కాలనీ ఆడవాళ్లు కొందరు ఆడుతున్నారు. ఒక్కొక్క గీత మొదట పైన ఉండి కిందికి జారిపోతుంది. ఒకటి మాత్రం చాపకు అంచులా తిన్నగా ఉంది.

"గిది ఎవరిదో చెప్పుకో."

"నాకేం తెలుసు?"

"నీదేనక్కా. సార్ క్లాసులందరికి చూపెట్టిండు. గిసుంటి మనిషిని పట్టుకోవాలె అన్నడు."

నలుగురికీ ఉపయోగపడితే మంచిదే. సహస్రనామం సాయంత్రం చదివాను.

శంకరవ్వ ఆడటం మానేసిందట. పంపు దగ్గర అడిగాను.

"నా మొగడు నిజంగ బాయిల ఉన్నప్పుడే నేను గింత ఫికర్ చెయ్యలే. ఇప్పుడు మీ బాపు కోసం చెయ్యాల్నా? ఆయన నాకు ఒక్క పొద్దు చాయ పోయించిండా?" అంది.

అందరూ నవ్వారు. నేను కూడా.

ఆగస్టు 29, శుక్రవారం

పొద్దటి నుంచి ఒకటే వాన. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. సిగ్నల్ లేకుంటే నూనె పడదు. గొడుగు పట్టుకుని వాటర్ ట్యాంకు దాకా పోయాను. అక్కడ ఒక గీత వచ్చింది, పోయింది. ట్యాంకు చుట్టూ తిరిగితే అవతలి వైపు దొరికింది. అప్పటికే వత్తి ఊగుతోంది. అట్లా ఊగినప్పుడు బాపు పలుగు ఆపి పైకి చూస్తాడు. మన కళ్లలోకే చూస్తాడు.

పోశాను. మళ్లీ తవ్వుకున్నాడు.

శంకరవ్వ కిటికీలోంచి చూసింది. "ఏందే రాజక్కా, ట్యాంకుకు ప్రదక్షిణం చేస్తున్నవ్? ఏం మొక్కుకున్నవ్?"

"నడక మంచిదన్నరు."

అబద్ధం కాదు. నడక మంచిదే.

సంపత్‌ను అడిగాను, పైకి చూడటం ఎందుకు పెట్టావని. పోగొట్టుకునే ముందు ఆటలోని మనిషి ఆడేవాళ్ల కళ్లలోకి ఒకసారి చూడాలని సార్ చెప్పాడట. "మస్తు పనిచేస్తది అక్కా" అన్నాడు.

సెప్టెంబర్ 3, బుధవారం

ఆస్పత్రిలో అడగడానికి ఆదిలాబాద్ పోయి అక్కడి నుంచి రేవతి ఫోన్ చేసింది. పదో తారీఖు ఆపరేషన్. ఎనిమిదికి రమ్మంది, కలిసి ఆదిలాబాద్ పోదామంది. సరే అన్నాను.

ఆదిలాబాద్‌లో సిగ్నల్ ఉంటుంది. తరువాత నెలంతా దాని ఊళ్లోనే ఉండాలి.

సెప్టెంబర్ 5

బ్యాగు సర్దాను. రెండు చీరలు తీసి మళ్లీ బీరువాలో పెట్టాను. అక్కడ చలి ఉంటుందో లేదో.

సెప్టెంబర్ 6, శనివారం

మోకాలు నొప్పి. గుట్టల్లో జీపులు ఎక్కలేను. రేవతికే ఇబ్బంది.

పైగా సంపత్‌కు ముఖ్యమైన సమయం ఇది. వాడికి వండిపెట్టేవాళ్లు ఎవరు? జాకెట్లు కూడా ఇవ్వాలి. బతుకమ్మకు అడుగుతారు.

సంపత్‌కు ఫోన్ ఇచ్చి పోదామా అనుకున్నాను. వాడు మరిచిపోతాడు. అన్నం తినడమే మరిచిపోతాడు.

సెప్టెంబర్ 7, ఆదివారం

జైనూర్‌లో ఉండే రేవతి బడి సారు ఒకాయన నంబరుంది. మోకాలు సంగతి ఆయనకు చెప్పాను. రేవతికి చెప్తానన్నాడు.

ఈరోజు గ్రహణం. గుడి మూశారు. నూనె మాత్రం పోశాను. ఫోన్‌కు గ్రహణం లేదు కదా.

సెప్టెంబర్ 10, బుధవారం

రేవతి పేర దీపం పెట్టి సహస్రనామం మొదలుపెట్టాను. సగం అయింది.

స్వామీ, నా చెల్లెను చూసుకో.

పోశాను.

సెప్టెంబర్ 11

ఆపరేషన్ బాగానే అయిందట. హాస్టల్‌లో వండే ఆమె వెంబడి ఉంది. ఆమె ఫోన్‌లోంచి రేవతి మాట్లాడింది.

"మోకాలు ఎట్లుందక్కా?"

"తక్కువైంది."

"నీళ్లిచ్చేటోళ్లు ఉన్నరు లే, పరేషాన్ గాకు. మందియ్యంగ కళ్లు మూతపడుతుంటే అవ్వ యాదికొచ్చింది. నువ్వు పక్కన కూసుంటవనుకున్న. గంతే."

"వస్త రేవతీ. వస్తున్న."

"నీకు వీలైనప్పుడే రా."

వీలైనప్పుడు అనే మాట దాని నోట ఎన్నడూ వినలేదు. ఇంట్లో దాని పోరు పడలేకనే మేము ఏ పనైనా చేసేవాళ్లం.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఈవారం పాఠం డబ్బులు. సంపత్ ఉత్సాహంగా వచ్చాడు.

"ఆడటానికి పైసలు అడగొద్దక్కా. లోపలికి రానియ్యాలె, కూసోబెట్టాలె, అలవాటు చెయ్యాలె. ఇగ లేవలేరు అనుకున్న కాడ అడగాలె."

"అడ్డం పడి అడిగినట్టు కాదా?"

"అడ్డం ఎవరు పడ్డరు? ఇష్టముంటే కడ్తరు, లేకుంటే పోతరు."

ఇకమీద దీపం ఊగినప్పుడు, బాపు పైకి చూసినప్పుడు, మామూలు నూనె పనిచేయదట. కాసేపు ఆగాలి. ఆగలేనివాళ్లకు 'ధర్మపు నూనె' అని ఒక గిన్నె వస్తుంది. దానికి డబ్బు. కొద్దిగానే.

ధర్మపు నూనె అనే పేరు బాగుంది అన్నాను. ఎందుకన్నానో.

సెప్టెంబర్ 15

చదవలేదు. రేపు రెండుసార్లు చదువుతాను.

సెప్టెంబర్ 16

రేవతిని ఇంటికి పంపారట. హాస్టలామె జీపు మాట్లాడి తీసుకుపోయింది. బడి సారు చెప్పాడు.

ఇక ఊళ్లోనే ఉంది. అక్కడ సిగ్నల్ ఉండదు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

ఇది రాయొద్దనుకున్నాను.

పొద్దున స్నానం చేసి పూజకు కూర్చున్నాను. ఫోన్ మడిచిన చీర మీద, పీట పక్కనే ఉంది. ఈమధ్య అక్కడే పెడుతున్నాను. హారతి వెలిగించి గంట కొడుతుండగా ఫోన్ వణికింది. నిన్న సాయంత్రం జాకెట్లు తీసుకోవడానికి వచ్చినవాళ్లతో మాటల్లో పడి పోయడం తప్పింది. వత్తి ఊగుతోంది. బాపు పైకి చూస్తున్నాడు.

హారతి పళ్లెం కింద పెట్టాను. ముట్టుకుంటే నూనె పడలేదు. గిన్నె వచ్చింది. ఆగాలో కట్టాలో అడిగింది. వత్తి చివర చుక్కలా అయింది. బాపు టోపీ లైటు సన్నగిల్లింది. దగ్గాడు.

కట్టాను. కరెంటు బిల్లు కట్టినట్టే ఉంది. అంతే తేలిక. దీపం నిండుగా లేచింది.

తిరిగి చూస్తే దేవుడి ముందు హారతి లేదు. కుందిలో దీపం కూడా కొండెక్కింది. ఫ్యాను వేసి ఉందని అప్పుడు చూశాను. వత్తి నుంచి పొగ సన్నగా లేస్తోంది.

అవ్వ పోయినప్పటి నుంచి పొద్దటి దీపం పూజలో పోవడం ఇదే మొదలు.

మళ్లీ వెలిగించాను. మళ్లీ వెలిగిస్తే ఏమీ కాదు అంటారు.

సెప్టెంబర్ 20, శనివారం

సంపత్ మిఠాయి తెచ్చాడు.

"ఒగలు కట్టిండ్రక్కా. మొదటి పైస. ఎవరో తెల్వదు, పేరు చూపెట్టదు. గీ లోకంల ఒక మనిషి మన దీపం కోసం పైసలు కట్టిండ్రు."

"మంచిది."

"తిను. ఇంకోటి తిను."

తిన్నాను. వాడు చాలా రోజుల తరువాత ఈల వేశాడు. హైదరాబాదు నుంచి వచ్చినప్పటి నుంచి మెడ వంచుకునే నడుస్తున్నాడు. ఈరోజు వాడి మెడ నిటారుగా చూశాను. వాణ్ని ఎత్తుకుని కాలనీ అంతా తిప్పింది నేనే. ఎట్లా చెప్పను?

బుధవారం హైదరాబాదు కంపెనీవాళ్లు ఆట చూస్తారట. నచ్చితే వీణ్నీ ఆటనూ తీసుకుంటారట.

రెండో మిఠాయి సగం తిని పక్కన పెట్టాను. నీళ్లు తాగాను.

సెప్టెంబర్ 21, ఆదివారం, పెత్రమాస

పోయిన పెద్దల పేర బియ్యమిచ్చే రోజు. పళ్లెంలో బియ్యం, పప్పు, బీరకాయ, చింతపండు పెట్టుకుని గుడికి పోయాను. శంకరవ్వ నా ముందు వరుసలో ఉంది. అయ్యగారు ఒక్కొక్కరి దగ్గర పేర్లు అడిగి నీళ్లు వదులుతున్నాడు.

"పేర్లు చెప్పమ్మా."

"నర్సవ్వ" అన్నాను. అవ్వ పేరు.

"ఇంకా?"

నోరు తెరిచాను. రాలేదు.

శంకరవ్వ వెనక్కి తిరిగింది. "ఇస్తారి బావ పేరు చెప్పవేందే? మరిసినవా?"

"లే. చెప్త."

"అయ్యగారు ఊకె నిలబడ్డడు. వెనక గింత లైను ఉంది."

నర్సవ్వ ఒక్క పేరు చాలన్నాను. అయ్యగారు నా మొహం చూసి తరువాతి ఆమెను పిలిచాడు. బాపు వంతు బియ్యం పళ్లెంలోనే ఇంటికి తెచ్చాను.

బాయిలో ఉన్న మనిషి పేర బియ్యం ఎట్లా ఇస్తారు?

ఈ వాక్యం నేనే రాశాను. మళ్లీ చదివాను. బాపు పోయి చాలా ఏళ్లయింది. ఆస్పత్రిలో పోయాడు, పట్టపగలు, నా చేయి పట్టుకుని. ఆయనను గోదావరి ఒడ్డుకు తీసుకుపోయిన పాడె వెంట అందరం నడిచాం. అదంతా తెలిసీ అయ్యగారి ముందు ఆయన పేరు చెప్పలేకపోయాను.

సంపత్ కరీంనగర్ నుంచి వచ్చేదాకా గడపలోనే కూర్చున్నాను. వీధిలో ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకుని పోతున్నారు.

వాడు చెప్పులు విడుస్తుండగానే చెప్పాను. "తమ్మీ, ఆ కట్టింది నేనే."

మొదట నవ్వాడు. తరువాత నవ్వు ఆగింది.

"నువ్వా? ఎందుకక్కా? నాకు చెప్తే నేనే ఇటు నుంచి పోస్తుంటి గద."

"బాపు పైకి చూసిండు రా."

"అది నేను గీసిన బొమ్మ."

"తెలుసు."

"తెలిసి కట్టినవా?"

"తెలిసే."

గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బియ్యం పళ్లెం చూసి అది ఎందుకు ఇక్కడుందని అడిగాడు. చెప్పాను. రేవతి దగ్గరికి ఎందుకు పోలేదో కూడా చెప్పాను. వాడు మోకాలు నొప్పి అనే నమ్మాడట. నేనూ కొన్నాళ్లు నమ్మాను.

"ఆయన షిఫ్టు ఎప్పుడైతది?" అని అడిగాను.

"ఎవరిది?"

"నీ ఆటల బాపుది."

"కాదక్కా. అయితే ఇగ ఎవరు తెరుస్తరు? ముగింపు పెట్టొద్దనే గద సార్ చెప్పింది."

"బాయిల దిగినోళ్లకు సైరన్ ఉంటది గదరా. సైరన్ కూసినంక అవ్వ గడపల నిలబడేది. బాపు సైకిల్ మలుపు తిరగంగనే లోపలికొచ్చి దీపాన్ని కొండెక్కిచ్చేది. నోటితోని ఊదకపోయేది. పువ్వుతోని ఒత్తేది. అప్పుడు అన్నం పెట్టేది."

వాడు నా వైపు చూశాడు. "అవ్వనే తీసేసేదా?"

"మరి? మనిషి ఇంటికొచ్చినంక దీపంతోని ఏం పని? రేపు షిఫ్టుకు మళ్ల పెట్టుకుంటది."

"గీ ముచ్చట నాకు చెప్పనే లేదు నువ్వు."

"నీకు తెల్సనుకున్న."

కాలనీలో పుట్టినవాళ్లెవరికీ ఆ సగం విప్పి చెప్పే పని పడదు. సైరన్ కూస్తుంది, మనిషి వస్తాడు. ఇంకేముంది చెప్పడానికి? వాడు పుట్టేసరికి బాపు పైపనిలో ఉన్నాడు. గూట్లో దీపం మామూలు సందెదీపమే అయింది.

"పొద్దున జైనూర్ పోతున్న" అన్నాను.

వాడు గోరు కొరికాడు. "బుధవారం దాక ఆగరాదక్కా? కంపెనీవాళ్లు చూసేది గా గీతలే. నీ ఒక్కదే తిన్నగ ఉంది. నువ్వు పోతే అది కూడ పడ్తది."

"పడనీ."

పడనీ అన్నాను. అని, లోపలికి వచ్చి నూనె పోశాను.

సెప్టెంబర్ 22, సోమవారం, ఆసిఫాబాద్ బస్టాండు

మంచిర్యాలలో బస్సు మారేటప్పుడు పోశాను. ఇక్కడ మళ్లీ పోశాను, అవసరం లేకున్నా. నిండుగా ఉంది. ఎంత నిండుగా పోసినా రేపటికి ఉండదు.

సంపత్ బస్సు ఎక్కించడానికి వచ్చాడు. బ్యాగు పైన పెట్టి, కిటికీ పక్క సీటు తుడిచి, కిందికి దిగి నిలబడ్డాడు. నిద్రపోయినట్టు లేదు. పో అనలేదు, ఆగు అనలేదు. డ్రైవర్ హారన్ కొట్టాక కిటికీ కమ్మీ పట్టుకున్నాడు.

"అక్కా, బాపు సైకిల్ ఏం రంగు?"

"నల్లది. వెనక క్యారేజి మీద టిఫిను. గంట పనిచెయ్యకపోయేది. నోటితోనే గంట కొట్టేది."

"ఎట్ల?"

బస్సు కదిలింది. కిటికీలోంచి తల పెట్టి, ట్రింగ్ ట్రింగ్ అన్నాను. పక్క సీటాయన నా వైపు చూశాడు.

వాడు ఏం చేస్తాడో తెలియదు. సార్ వద్దంటాడేమో. కంపెనీవాళ్లు వద్దంటారేమో. నాకూ వాడికి ఏం చెప్పాలో తెలియదు. స్వామీ, వాడి మెడ మళ్లీ వంగకుండా చూడు.

జైనూర్ బస్సు వచ్చింది.

అదే రోజు

కెరమెరి ఘాటు ఎక్కుతుండగా సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి. చివరిది చాలాసేపు ఉంది. వంపు దగ్గర అదీ పోయింది.

దిగిపోదామనిపించింది. నిజంగానే ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచాను. కండక్టర్ "ఎక్కడమ్మా? ఇక్కడ స్టాపు లేదు, అడవే ఉంది" అన్నాడు. కూర్చున్నాను.

సెప్టెంబర్ 23

రేవతి చిక్కింది. నన్ను చూసి, "మోకాలుతోని గీ గుట్ట ఎట్ల ఎక్కినవే?" అంది. జీపు ఎక్కాను అన్నాను. తల దువ్వమంది.

ఈపాటికి నూనె అయిపోయి ఉంటుంది.

దువ్వాను. జడ వేశాను.

సెప్టెంబర్ 24, బుధవారం

సహస్రనామం మొత్తం చదివాను. రేవతి పడుకునే విన్నది. మధ్యలో ఒక నామం వదిలేశానని చెప్పింది. దానికి నోటికి వస్తుందని నాకు తెలియదు.

ఈరోజు అక్కడ సంపత్ ఆట చూపిస్తున్నాడు. ఏమైందో తెలియాలంటే అంగడి రోజు దాకా ఆగాలి.

బాపు వంతు బియ్యం బ్యాగులో మూటకట్టి తెచ్చాను. తిథి దాటింది. అయినా పొద్దున తూర్పుకు తిరిగి ఇస్తారి అని పేరు చెప్పి నీళ్లు వదిలి, హాస్టలామెకు ఇచ్చాను. ఆమె కొంగు పట్టి తీసుకుంది. "కోణాచ్యా నావానే, అక్కా?" అంది. మరాఠీలో, ఎవరి పేర అని. మా బాపు పేర అన్నాను.

మధ్యాహ్నం వేళకు చెయ్యి బ్యాగు దాకా పోయింది. రేవతి చూసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కాసేపటికి మళ్లీ పోయింది. అది మంచం మీది నుంచి, "గా బ్యాగు ఇటియ్యి, తలకింద పెట్టుకుంట" అంది. ఇచ్చాను.

సాయంత్రం, హాస్టల్ గేటు దాకా ఒక్కతే పోయి వస్తానంది. నేనూ వస్తానంటే వద్దంది. అది వాకిలి దాటగానే దాని ఖాళీ గూట్లో దీపం పెట్టాను. గడపలో నిలబడ్డాను. మెల్లగా, పొట్ట పట్టుకుని పోయింది. గేటు పక్క మలుపులో కనబడకుండా పోయింది. పిల్లల గొంతులు వినబడ్డాయి. చాలాసేపు వినబడ్డాయి.

తరువాత మలుపు తిరిగి వచ్చింది.

లోపలికి వచ్చి బంతిపువ్వుతో దీపాన్ని కొండెక్కించాను. అన్నం పెట్టాను.